ఎవడ్రా మాస్టారు

అయినా మీరే చెప్పండి, కుర్చీ చూపించి కూర్చోమంటే ఎవరైనా ఏం చేస్తారు? కూర్చుంటారు. మా మాస్టారు కూర్చోడు. కుర్చీని తిరగేస్తాడు. దాని కాళ్ళు పైకి పెట్టి, స్క్రూలన్నీ వేలితో తడిమి, ముక్కుపుటాలు ఎగరేసి, నాలుగు వీధులకి వినపడేలా "ఎవడ్రా దీన్ని బిగించింది?" అని అరుస్తాడు. ఆ అరుపు కుర్చీ మీద కాదు, మీ మీదా కాదు, నా మీదా కాదు. ఎప్పుడో ఆ స్క్రూ తిప్పేసి తన దారిన తను పోయిన ముక్కూమొహం తెలియని మనిషి మీద. వాడు బతికున్నాడో లేదో కూడా తెలీదు. అయినా ఈయన వదలడు. ముందు వాణ్ణి తిట్టాలి, ఆ తర్వాతే ఏ పనైనా.

రిజిస్టర్లో ఆయనకి లక్షణమైన పేరే ఉంది. కానీ మా కమ్యూనిటీ కాలేజీలో గేటు దగ్గర వాచ్‌మన్ నుంచి ప్రిన్సిపాల్ దాకా అందరూ 'ఎవడ్రా మాస్టారు' అనే అంటారు. జనరల్ మెకానిక్, రిపేరు పనులు అని ఆరు నెలల కోర్సు చెప్తాడు. కాలేజీ వెనకాల రేకుల షెడ్డులో, మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా. మేం పదకొండు మందిమి.

మొదటి రోజు ఆయన లోపలికొస్తుంటే తలుపు కిర్రుమంది. అంతే. "ఎవడ్రా ఈ తలుపు బిగించింది?" అని పానా తీశాడు. బందులు ఊడదీసి తలుపు గోడకి చేర్చాడు. తర్వాత కుర్చీ తిరగేశాడు, దాన్నీ విప్పాడు. బోర్డు మీద రాయబోతే స్టాండు ఊగింది. దాని సంగతీ చూశాడు. ఐదయ్యేసరికి తలుపు లేదు, కుర్చీ లేదు, బోర్డు నేల మీద ఉంది. మేం పదకొండు మందిమీ చాప మీద కూర్చుని ఆయన తిట్లు వింటున్నాం. నేను తమ్ముడిలా చూసుకునే కుర్ర టైలరు ఒకడు నా పక్కన కూర్చుని, అవే పాఠం అనుకుని, పాపం, నోటు పుస్తకంలో ఒక్కటి కూడా పోకుండా రాసుకున్నాడు.

బూతు మాత్రం ఉండదండోయ్, ఆ మాట చెప్పుకోవాలి. "బోల్టు బిగించాడా, పగ తీర్చుకున్నాడా?" అంటాడు. "వీడి చేతికి పానా ఇచ్చినవాణ్ణి ముందు తన్నాలి" అంటాడు. వాషరు లేకుండా నట్టు కనిపించిందా, ఇక ఆయన కోపం నషాళానికి అంటుతుంది. "వాషరు వెయ్యకుండా బిగించినవాడు చెప్పుల్లేకుండా ముళ్ళ మీద నడవాలి!" అది ఆయన ఖజానాలో అన్నిటికంటే పెద్ద తిట్టు.

ఒకసారి ప్రిన్సిపాల్ గారి గదిలో ఫ్యాను టకటకమంటోందని పిలిచారు. మాస్టారు నిచ్చెనెక్కి, రాడ్డు పైన కొక్కేన్ని కప్పే గిన్నె కిందికి జరిపి చూసి, "ఎవడ్రా దీన్ని బిగించింది?" అన్నాడు.

"నేనేనండీ మాస్టారూ" అన్నాడు ప్రిన్సిపాల్ కింద నుంచి. "ఆదివారం ఎవరూ దొరక్కపోతే..."

ఇంకొకరైతే నాలిక్కరుచుకునేవారు. మాస్టారు నిచ్చెన మీద నుంచి వంగి చూసి, "అయితే వినండి" అని మొదలుపెట్టాడు. పావుగంట! ప్రిన్సిపాల్ తన గదిలో తనే చేతులు కట్టుకుని నిలబడి విన్నాడు.

మీకు నవ్వులాట. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయేది. ఎందుకో చెప్తాను. నేను పెద్ద లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పనిలో ఉండేదాన్ని. పద్నాలుగేళ్ళు అదే పని. ఉన్నట్టుండి మడతపెట్టే మెషిను కొన్నారు. పన్నెండు మంది ఆడవాళ్ళం చేసేది అదొక్కటే చేసేస్తుందట. సూపర్వైజరు పిలిచి, "ఏమ్మా, మెషిన్లు చూసుకునే మనిషి ఒకరు కావాలి. ఆరు నెల్లు టైమిస్తా. రిపేరు కోర్సు పాసై సర్టిఫికెట్ పట్టుకొస్తే నువ్వుంటావు, లేకపోతే లేదు" అన్నాడు. నేను చదివింది ఐదో క్లాసు. అదీ సగం బయట నిలబడే చదివాను. అలాంటిదాన్ని నలభై రెండేళ్ళొచ్చాక పానా పట్టుకుని వస్తే, ఈయన నెల రోజులైనా మెషిన్ ముట్టుకోనివ్వకుండా ఎవణ్ణో తిడుతూ కూర్చున్నాడు.

ఒకరోజు ఉండబట్టలేక లేచి నిలబడ్డాను. "మాస్టారూ, ఎవడు బిగించాడో కనుక్కుంటే నాకు ఉద్యోగం ఇస్తారా?"

టైలరు తమ్ముడు నా చీర కొంగు పట్టుకుని కిందికి లాగాడు. "కూర్చో అక్కా, నీకో దండం."

మాస్టారి మొహం కందగడ్డైంది. "మెషిన్ దానంతట అది చెడిపోద్దా తల్లీ? ముందు ముట్టుకున్నవాడి తొందరంతా దాన్లోనే ఉంటది. అది చూడ్డం రానిదానివి నువ్వేం బాగుచేస్తావ్? నీ తర్వాత విప్పేవాడికి ఇంకో రోగం అంటిస్తావ్!"

"నా తర్వాత విప్పేవాడి సంగతి నాకెందుకండీ?"

అనకూడని మాట అన్నాను. ఆయన పానా బల్ల మీద పడేసి ఇంటికెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి మా పని పట్టాడు. ఇవాళ నేను బిగించింది రేపు టైలరు విప్పాలి. టైలరు బిగించింది నేను విప్పాలి. అదీ పద్ధతి. చెప్పుకుంటే సిగ్గు పోతుంది, మొదటిరోజు టైలరు బిగించిన నీళ్ళ మోటారు విప్పడానికి నాకు రెండు గంటలు పట్టింది. "ఒరేయ్, ఇది బోల్టనుకున్నావా, గుండీ అనుకున్నావా? కుట్టేశావేంట్రా!" అని తిట్టాను. మర్నాడు నేను బిగించింది విప్పి వాడు, "అక్కా, నువ్వు మడతపెట్టిన దుప్పటి విప్పడానికి కూడా పానా కావాలా?" అన్నాడు. మూడు రోజులు మాటల్లేవు. నాలుగో రోజు నుంచి మాత్రం, బిగించేటప్పుడు వాడి మొహం కళ్ళముందు కనిపించి, నా చెయ్యి దానంతట అదే తగ్గేది. పాఠం ఎక్కిందని అప్పుడు తెలీలేదు. కోపంలో ఉన్నాను కదా.

ఆ కోపం ఇంటికి కూడా తెచ్చుకునేదాన్ని. పొయ్యి నాబ్ ఊడితే "ఎవడ్రా బిగించింది?" అనేదాన్ని. ఇంట్లో ఏది విప్పినా బిగించింది మా ఆయనే. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో ఆయన్ని ఎప్పుడూ 'రా' అనలేదు. ఆ ఆరు నెలల్లో రోజుకి నాలుగుసార్లు అన్నాను. చివరికి ఆ మాట వినపడితే చాలు, ఆయన చెప్పులేసుకుని బయటికి పోయేవాడు.

ఇంకో సంగతి నన్ను ఇంకా మండించేది. మెషిన్ బాగుచెయ్యడం అంతా మా చేతే చేయిస్తాడు. ఆఖర్న పై మూత బిగించే టైముకి మాత్రం, "పొండి, టీ తాగి రండి. మూత నేనేస్తా" అని తరిమేస్తాడు. మేమొచ్చేసరికి మూత బిగించేసి, జేబులో నల్ల మార్కరు పెన్ను సర్దుకుంటూ కూర్చునుంటాడు. ఆ పెన్ను కారి ఆయన చొక్కాలన్నిటికీ జేబు దగ్గర నల్ల మరకే. నాలుగు స్క్రూల మూత! అది కూడా మాకు రాదనా? "పసిపిల్లకి అన్నం కలిపి పెట్టి, ఆఖరి ముద్ద తనే తిన్నట్టుంది ఈయన వరస" అన్నాను టైలరుతో.

"ఊరుకో అక్కా. మనం చూడకుండా ఒక స్క్రూ మిగుల్చుకుంటాడేమో" అన్నాడు వాడు.

ఆయన ఎడమచేతి చూపుడువేలు పై కణుపు దాకా లేదు. ఎలా పోయిందని అడిగితే రోజుకో కథ చెప్పేవాడు. ఒకరోజు కుక్క కొరికిందన్నాడు. ఇంకోరోజు పుట్టుకతోనే లేదన్నాడు. మూడోసారి అడిగితే, "మీ పదకొండు మందికీ వేలు పెట్టి చూపించి చూపించి అరిగిపోయింది" అన్నాడు. దానికి మాత్రం నాకూ నవ్వాగలేదు.

పరీక్ష రోజొచ్చింది. బయట నుంచి పరీక్ష పెట్టే ఆయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో గడియారం. మాస్టారు లోపల ఉండకూడదని రూలు. వెళ్తూ వెళ్తూ ఆయన నా దగ్గర ఆగి, "తల్లీ, ముందు తిట్టు. ఆ తర్వాతే చెయ్యి పెట్టు" అన్నాడు. పరీక్షకి కూర్చునేదానికి ఈయన చెప్పిన జాగ్రత్త అదీ.

నాకు బట్టలు పిండే మెషిను పడింది. తడిబట్టలు వేసి మూత పెడితే గిర్రున తిరిగి నీళ్ళు పిండేస్తుందే, అది. మూత తెరిస్తే టక్కున ఆగిపోవాలి. దానికి మూత దగ్గర ఒక చిన్న స్విచ్చు ఉంటుంది. నాకిచ్చిన ప్రశ్న: మెషిన్ సరిగ్గా తిరగట్లేదు, బాగుచేసి నడిపి చూపించు, రెండు గంటలు. బెల్టు అరిగిపోయింది. కనిపెట్టి, మార్చి, అన్నీ సర్దేసరికి ఇంకా పది నిమిషాలుంది. ఉద్యోగం చేతికొచ్చినట్టే. ఇక బటన్ నొక్కడమే.

నొక్కబోతూ మూత స్విచ్చు వైపు చూశాను. దానికి ఎవడో రాగి తీగ చుట్టి పెట్టాడు. అంటే ఇక మూత తెరిచినా అది ఆగదు. లోపల తిరుగుతూనే ఉంటుంది, చెయ్యి పెట్టినా తిరుగుతూనే ఉంటుంది. మా లాండ్రీలో ఆడవాళ్ళు మూత తెరిచీ తెరవగానే దుప్పటి అందుకుంటారు. వాళ్ళ చేతులు కళ్ళముందు కనిపించాయి. ఆపుకుందామనుకున్నాను. అయినా నోట్లోంచి వచ్చేసింది.

"ఎవడ్రా ఈ తీగ చుట్టింది?"

షెడ్డు మూల నుంచి టైలరు తమ్ముడి పానా కిందపడ్డ చప్పుడు వినిపించింది.

"ఏంటమ్మా అరుపులు?" అన్నాడు పరీక్షాయన. "తీగ నీ ప్రశ్నలో లేదు. నడిపి చూపించు."

"ప్రశ్నలో లేకపోతే పోయె, మెషిన్లో ఉందిగా! తీగ తియ్యకుండా నడపను."

"అది తీస్తూ కూర్చుంటే టైం దాటిపోతుంది. టైం దాటితే సున్నా. నీ ఇష్టం."

నాకు ఏడుపూ కోపమూ కలిసి తన్నుకొచ్చాయి. "వేస్తే వేసుకోండి సున్నా! ముందు ఈ వెధవ పని చేసిందెవడో చెప్పండి!"

ఆయన గడియారం కేసి చూశాడు, నేల కేసి చూశాడు, గొంతు సవరించుకున్నాడు. "నేనేనమ్మా. పొద్దున్న మెషిన్లు సిద్ధం చేస్తుంటే మాటిమాటికీ మూత వేసి తియ్యాల్సొస్తోందని... తర్వాత తీద్దామని మర్చిపోయాను."

అక్కడ నోరు మూసుకోవాల్సింది. ఎవరైనా మూసుకుంటారు. కానీ ఆరు నెలల సహవాసం ఊరికే పోతుందా?

"అయితే వినండి" అన్నాను.

మొదలుపెట్టాను. ఓ పక్క చేత్తో తీగ విప్పుతూనే ఉన్నాను, ఓ పక్క నోటితో కడుగుతూనే ఉన్నాను. "మీ చేతికి పానా ఇచ్చినవాణ్ణి ముందు తన్నాలి! మర్చిపోయారా? చెయ్యి తెగినవాడు మర్చిపోతాడా?" ఇలా పోతోంది వరస. మధ్యలో ఊపిరి తీసుకోడానికి ఆగాను. అప్పుడు కిటికీ బయట నుంచి ఒక గొంతు లేచింది.

"వాషరు తిట్టు మర్చిపోయావ్ తల్లీ! ముళ్ళది! ముళ్ళది చెప్పు!"

షెడ్డంతా నవ్వులతో గొల్లుమంది. పరీక్షాయన కిటికీ మూయబోతే అది సగంలో ఆగిపోయింది. బయట నుంచి "ఈ కిటికీ ఎవడ్రా బిగించింది?" అని వినిపించింది.

తీగ తీసి, స్విచ్చు సరిచేసి, మెషిన్ నడిపేసరికి పన్నెండు నిమిషాలు ఆలస్యం. పరీక్షాయన వచ్చి, మెషిన్ తిరుగుతుండగా తనే మూత తెరిచాడు. ఆగింది. మూసి మళ్ళీ తెరిచాడు. ఆగింది. మూడోసారి కూడా చూసి, కాగితం మీద ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు.

ఉద్యోగం నా నోటితో నేనే ఊడగొట్టుకున్నానని మా ఆయనకి చెప్పి ఏడ్చాను. పదిహేను రోజులకి కాగితం వచ్చింది. పాస్. కింద పరీక్షాయన చేత్తో రాశాడు: 'పని బాగుంది. నోరు దురుసు.' అది చూసి మా సూపర్వైజరు, "రెండోది నాకు ముందే తెలుసు. మొదటిదే కొత్త" అని నన్ను పనిలో ఉంచాడు.

ఇంతవరకూ మీరు విన్నది తిట్ల కథ. ఇంకొంచెం ఉంది.

పనిలో చేరిన మూడో నెలలో, మా లాండ్రీలో అన్నిటికంటే పాత పిండే మెషిను ఆగిపోయింది. వెనకాల రేకు మూతకి ఆరు స్క్రూలు. మా ఆడవాళ్ళందరూ చుట్టూ మూగారు. ఆరోది ఊడదీసి, అలవాటు ప్రకారం గుండెల నిండా ఊపిరి పీల్చి, "ఎవడ్రా..." అని మూత తిప్పాను. మాట అక్కడే ఆగింది.

మూత లోపలి వైపంతా నల్ల మార్కరుతో రాసుంది. ఆ వంకర అక్షరాలు నేను ఆరు నెలలు బోర్డు మీద చూసినవే. కింద వేసిన తేదీ పదిహేడేళ్ళ కిందటిది.

'ఇది విప్పినవారికి. ముందు కరెంటు తీశారా? మళ్ళీ ఒకసారి చూసుకోండి. కుడిపక్క రేకు అంచు కోస్తుంది, చేతికి గుడ్డ చుట్టుకోండి. పెద్ద నట్టు ఉల్టా, కుడికి తిప్పితేనే వదులవుతుంది. బలం పెట్టకండి, నడుం పట్టేస్తుంది. మూత స్విచ్చుకి ఎవడో తీగ చుట్టాడు, తీసేశాను. మీరు చుట్టకండి. నా వేలు అలాంటి తీగ దగ్గరే పోయింది. అడుగు బోల్టు చాలా గట్టిగా బిగించాను, వేరే దారి లేక. దానికి నన్ను తిట్టుకోండి.'

నేను చదువుతుంటే పక్కనున్నామె, "ఎవరికి రాశారక్కా ఈ ఉత్తరం?" అంది.

పదిహేడేళ్ళ కిందట ఆయనకి నేనెవరో తెలీదు. ముక్కూమొహం తెలియని దాన్ని. నా నడుం గురించి రాశాడు. చేతికి గుడ్డ చుట్టుకున్నాను. నట్టు కుడికి తిప్పాను. అడుగు బోల్టు దగ్గరికొచ్చేసరికి, నిజమేనండీ, రాక్షసుడు బిగించినట్టుంది! అరగంట పట్టింది. రాసి ఇచ్చిన అనుమతి ఉంది కదా, మొహమాటపడకుండా ఆయన్ని కడుపునిండా తిట్టుకున్నాను. పదిహేడేళ్ళ బాకీ లేకుండా తిట్టాను. తిడుతూ తిడుతూ ఎందుకో నవ్వొచ్చింది.

టైలరుకి ఫోన్ చేశాను. "నీ కుట్టుమిషను మాస్టారు బాగుచేశాడు కదా, కింద పలక విప్పి చూడు."

కాసేపటికి వాడే చేశాడు. "అక్కా, రాసుంది. 'ఇది విప్పినవాడు టైలరైతే ముందు నూనె పొయ్యి, ఆ తర్వాత నన్ను తిట్టు' అని." మళ్ళీ తనే, "ఇన్నాళ్ళూ మనల్ని టీకి తరిమింది ఇందుకా?" అన్నాడు.

అదే అడుగుదామని కాలేజీకి వెళ్ళాను. "మాస్టారూ, మూతల వెనక ఇంత రాస్తారని మాకెందుకు చెప్పలేదు?"

ఆయన చెవుల దాకా ఎర్రబడ్డాడు. "నిన్నెవరు విప్పమన్నారు?"

"మెషిన్ పాడైతే విప్పరా?"

"నేను బాగుచేసింది పాడైందా? పదిహేడేళ్ళకే? ఎవరు వాడారు దాన్ని, ఏనుగులా?" అని నా మీదే ఎగిరాడు. ఇక ఆయన్ని గుచ్చి అడగబుద్ధి కాక, "మా ఇంట్లో కుళాయి కారుతోంది మాస్టారూ, ఒకసారి వచ్చి చూడండి" అన్నాను. నిజానికి ఆయనకి ఇంత టీ ఇచ్చి కూర్చోబెట్టాలని నా ఉద్దేశం. కూర్చునే మనిషి కాదని తెలిసీ.

మొన్నామధ్య ఒక ఆదివారం వచ్చాడు. కుళాయి విప్పాడు. లోపల మా ఆయన వాషరు బదులు ప్లాస్టిక్ సంచి ముక్క మూడు చుట్లు చుట్టి ఉంచాడు. మా ఆయన అప్పటికే బాత్రూంలో దూరి గడియ పెట్టుకున్నాడు.

"ఎవడ్రా దీన్ని బిగించింది?"

మాస్టారు వెళ్ళి తలుపు మీద చెయ్యేసి, "ఈ గడియ కూడా వంకరగా ఉంది. ఇది ఎవడ్రా బిగించింది?" అన్నాడు.

లోపల నుంచి సన్నగా వినిపించింది. "అది మాత్రం ఇంటి ఓనరండీ."

మాస్టారికి కూడా నవ్వొచ్చింది. నవ్వు దాచుకోడానికి మొహం ఇంకా ముటముటలాడించుకుని, "అరంగుళం వాషరు కావాలి. పది నిమిషాల్లో తెస్తా. నువ్వు ముట్టుకోకు తల్లీ" అని సంచి భుజాన వేసుకుని వెళ్ళాడు.

ఇవాల్టికి తొమ్మిదో రోజు. వీధి చివర టీ కొట్టువాడు షట్టరు ఎత్తుతుంటే కీచుమందట, అక్కడ ఆగాడట. ఆ మర్నాడు బస్టాపులో బెంచీ తలకిందులుగా ఉందని మా ఆయన చూసొచ్చాడు. నిన్న మందుల షాపులో బరువు తూచే మెషిను విప్పి ఉందని కబురు. వస్తున్నాడు, దారిలోనే ఉన్నాడు.

"నీ సంచిలో డజను వాషర్లున్నాయి, సర్టిఫికెట్ కూడా ఉంది. నువ్వే వేసెయ్యరాదా?" అంటాడు మా ఆయన, రాత్రంతా ఆ చుక్కల చప్పుడుకి నిద్రపట్టక.

అబ్బే. నేను వేశానే అనుకోండి, రేపు ఆయన వాషరు పట్టుకుని గుమ్మంలోకి వచ్చి ఆ కుళాయి కేసి చూసి మొదటి మాట ఏమంటాడో మీకూ తెలుసు, నాకూ తెలుసు. కుళాయి కింద బకెట్టు నిండింది. పారబోసి మళ్ళీ కింద పెట్టాను.